పోలండ్‌లో మొదటిసారి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తున్నారా? టికెట్ కొనడం నుంచి ఇంటికి చేరే దాకా

వార్సాకో, వ్రొత్స్వాఫ్‌కో, వూచ్‌కో చదువుకోవడానికి, ఉద్యోగానికి వచ్చిన మనవాళ్లు కాస్త కుదురుకున్నాక నన్ను దాదాపు ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "అన్నా, ఇక్కడ స్టేడియంలో మ్యాచ్ చూడాలని ఉంది. వెళ్లొచ్చా? గొడవలవుతాయంటున్నారు, నిజమేనా?"

వెళ్లొచ్చు. తప్పకుండా వెళ్లండి. కానీ ఉప్పల్‌కి వెళ్లినట్టు వెళ్లకండి. ఉప్పల్‌లో పసుపు జెర్సీ వేసుకుని నారింజ జెర్సీల మధ్య కూర్చున్నా పక్కవాళ్లు కాసేపు ఆటపట్టిస్తారు, అంతే. పోలండ్ లీగ్ మ్యాచ్‌లో అది కుదరదు. ఇక్కడ టికెట్ మీద పేరు, ఒంటి మీద బట్టల రంగు, కూర్చునే సెక్టార్, ఈ మూడూ సరిగ్గా ఉండాలి. అవి కుదిరితే పిల్లలతో కూడా హాయిగా చూసి రావచ్చు. ఒక్కటి తప్పినా గేటు దగ్గరో, బయట వీధిలోనో ఇబ్బంది పడతారు. కింద చెప్పేదంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

## 1. ముందు ఏ మ్యాచో తేల్చుకోండి

పోలండ్‌లో పై లీగ్ పేరు ఎక్స్‌ట్రాక్లాసా. ఇందులో 18 జట్లు, ఒక్కో జట్టుకి 34 మ్యాచ్‌లు. సీజన్ జులైలో మొదలై మేలో ముగుస్తుంది. డిసెంబర్ మధ్య నుంచి జనవరి చివరి దాకా చలికాలం విరామం.

మొదటిసారి వెళ్లేవాళ్లు పెద్ద మ్యాచ్ కోసం చూడకండి. పేరున్న మ్యాచ్‌కి టెన్షన్ ఎక్కువ, పోలీసులు ఎక్కువ, టికెట్లు తక్కువ. కింది జంటలు ఒకదానితో ఒకటి ఆడే మ్యాచ్‌లను మొదటి రెండు మూడు సార్లు పక్కన పెట్టండి:

- లెగియా వార్సా, లెహ్ పోజ్‌నాన్
- క్రాకూఫ్‌లో విస్వా, క్రాకోవియా
- వూచ్‌లో విద్జెఫ్, ఎల్‌కేఎస్
- సైలీసియాలో గూర్నిక్ జాబ్‌జె, రూహ్ హోజూఫ్
- సముద్ర తీరంలో లెహియా గ్దాన్స్క్, ఆర్కా గ్దినియా

మీ ఊరి జట్టు దూరం నుంచి వచ్చిన, పెద్దగా పగలేని జట్టుతో ఆడే మ్యాచ్ చాలా బాగుంటుంది. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం ఆట అయితే ఇంకా మంచిది. వెలుతురు ఉండగానే ఇంటికి చేరిపోతారు.

ఇంకా భయంగా ఉంటే పోలండ్ జాతీయ జట్టు మ్యాచ్‌తో మొదలుపెట్టండి. అక్కడ అందరిదీ ఒకటే పక్షం, అందరివీ తెలుపు ఎరుపు రంగులే. కుటుంబాలు ఎక్కువగా వస్తాయి. వార్సాలోని నేషనల్ స్టేడియంలో సుమారు 58 వేల మంది పడతారు. హోజూఫ్‌లోని సైలీసియన్ స్టేడియంలోనూ జాతీయ జట్టు ఆడుతుంటుంది. టికెట్లు పోలండ్ ఫుట్‌బాల్ సంఘం సొంత సైటులోనే అమ్ముతారు. త్వరగా అయిపోతాయి కాబట్టి ఖాతా ముందే తెరిచి పెట్టుకోండి.

తేదీ విషయంలో చాలామంది తడబడతారు. సీజన్ మొదట్లో వచ్చే పట్టికలో ఒక రౌండ్ అంతా ఒకే వారాంతంలో ఉన్నట్టు కనిపిస్తుంది. అసలైన రోజు, గంట తర్వాత ఖరారవుతాయి. ఒక రౌండ్ మ్యాచ్‌లు శుక్రవారం నుంచి సోమవారం దాకా పరుచుకుని ఉంటాయి. వేరే ఊరికి వెళ్లేవాళ్లు కచ్చితమైన సమయం ప్రకటించాకే రైలు టికెట్ కొనండి.

నెల కూడా చూసుకోండి. ఆగస్టు, సెప్టెంబర్, ఏప్రిల్ చివర, మే హాయిగా ఉంటాయి. నవంబర్ చివర, ఫిబ్రవరి అంటే రెండు గంటలు గడ్డకట్టే చలిలో కదలకుండా కూర్చోవడమే.

## 2. సెక్టార్: ధర చూసి కాదు, చోటు చూసి ఎంచుకోండి

ఈ విషయంలో ఓపిక పట్టండి. మీ అనుభవం సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది.

ప్రతి స్టేడియంలో గోల్ వెనక ఒక స్టాండ్ గట్టి అభిమానులది. ఇక్కడి మాటలో దాన్ని మ్విన్ అంటారు, అంటే మర. వార్సా లెగియా మైదానంలో ఉత్తర స్టాండ్‌ని జిలెటా అంటారు. పోజ్‌నాన్‌లో అలాంటి చోటు పేరు కోచొవ్. టికెట్ చౌకగా కనిపించేది సాధారణంగా అక్కడే. అది చూసి కొనేస్తే, 90 నిమిషాలూ నిలబడాలి, పాడాలి, చప్పట్లు కొట్టాలి. ఊరికే కూర్చుని ఫోన్ చూసుకునేవాళ్లని అక్కడ సహించరు. టికెట్ మీద సీటు నంబర్ ఉన్నా ఎవరూ దాని ప్రకారం నిలబడరు.

సైటులో మ్యాప్ తెరిచి ఈ వరుసలో చూడండి:

1. మ్విన్ ఏ గోల్ వెనక ఉందో కనిపెట్టండి. అది వదిలేయండి.
2. ప్రత్యర్థి అభిమానులకిచ్చే సెక్తోర్ గోష్చి ఎక్కడుందో చూడండి. ఎక్కువగా ఏదో ఒక మూలన, కంచె వేసి ఉంటుంది. దానికి ఆనుకుని ఉన్న సెక్టార్లు కూడా వదిలేయండి. తిట్ల పోటీ అంతా ఆ కంచె రెండు వైపులే నడుస్తుంది.
3. పిల్లలుంటే సెక్తోర్ రోజిన్నీ, అంటే కుటుంబ సెక్టార్ ఉందేమో చూడండి. అక్కడ పిల్లలతో కలిసి వచ్చినవాళ్లకే టికెట్ ఇవ్వడం మామూలు. షరతు చదివి కొనండి.
4. పిల్లలు లేకపోతే పొడవాటి వైపు స్టాండ్‌లో, మధ్యలో, కాస్త పై వరుసలు తీసుకోండి. ఆటా కనిపిస్తుంది, మ్విన్ చేసే హంగామా కూడా ఎదురుగా పూర్తిగా కనిపిస్తుంది. ఆ హంగామాని లోపల నిలబడి కంటే పక్కనుంచే బాగా చూడగలం.

సెక్తోర్ గోష్చి టికెట్ కోసం మొదటిసారి ప్రయత్నించకండి. ఆ టికెట్లు అతిథి క్లబ్ అభిమానుల జాబితా ప్రకారం వెళ్తాయి. వాళ్లు పోలీసుల కాపలాలో వచ్చి, కాపలాలోనే వెళ్తారు. మ్యాచ్ అయ్యాక కూడా మిగతా జనం బయటికి వెళ్లేదాకా వాళ్లని లోపలే ఆపుతారు.

ఒక మాట దాచకుండా చెప్తాను. పోలండ్ స్టేడియాల్లో జాతి వివక్ష నినాదాలు జరిగిన సందర్భాలున్నాయి. ఎక్కువమంది ప్రేక్షకులు అలాంటివారు కాదు, పక్క సీటు మనిషి ఆప్యాయంగా మాట్లాడడం నేను చాలాసార్లు చూశాను. అయినా మన రంగు దూరం నుంచే తెలుస్తుంది కాబట్టి మొదటి మ్యాచ్‌కి ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి, వీలైతే ఒక పోలిష్ స్నేహితుడితో, పొడవాటి స్టాండ్‌కే వెళ్లమని అంటున్నాను.

## 3. టికెట్: పేరు అక్షరం పొల్లుపోకుండా

2009లో వచ్చిన సామూహిక కార్యక్రమాల భద్రతా చట్టం ప్రకారం ఫుట్‌బాల్ టికెట్ మనిషి పేరు మీద ఇస్తారు. పేరు, ఇంటిపేరు, పెసెల్ నంబర్ అడుగుతారు. పెసెల్ అంటే ఇక్కడ నివాసం నమోదైనవాళ్లకి ఇచ్చే 11 అంకెల గుర్తింపు సంఖ్య. అది లేనివాళ్లు పాస్‌పోర్ట్ లాంటి గుర్తింపు పత్రం నంబర్ ఇవ్వాలి. ఫారంలో విదేశీయులకి వేరే గడి ఉంటుంది. ఓప్త్సోక్రయోవ్యెత్స్ అన్న మాట కోసం వెతకండి.

కొన్ని క్లబ్బులు మొదటిసారి కొనేవాళ్లని అభిమాని కార్డు తీసుకోమంటాయి. దాని పేరు కార్తా కిబిత్సా. మ్యాచ్ రోజు దాని కోసం వరుసలో నిలబడకుండా ఒక వారం ముందే ఆ పని చూసుకోండి.

మన తెలుగువాళ్లకి ఇక్కడో ప్రత్యేక సమస్య ఉంది. పోలిష్ ఫారంలో ఇమ్యె అంటే సొంత పేరు, నజ్‌విస్కో అంటే ఇంటిపేరు. మనలో కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి సొంత పేరే మూడు ముక్కలుంటుంది. కాలేజీలో ఒకలా, బ్యాంకులో ఒకలా, పెసెల్ కాగితంలో ఇంకోలా పడిపోయి ఉంటుంది. టికెట్ మీద మాత్రం, ఆ రోజు జేబులో పెట్టుకు వెళ్లే పత్రంలో ఎలా ఉందో అలాగే రాయండి.

నంబర్‌కీ ఇదే పద్ధతి. పాస్‌పోర్ట్ నంబర్ వేరు, నివాస కార్డు కార్తా పోబితు నంబర్ వేరు. ఏది ఇచ్చారో అదే తీసుకెళ్లండి.

నా మొదటి మ్యాచ్‌లో ఇదే జరిగింది. నలుగురికీ ఒక మిత్రుడు కొన్నాడు. తొందరలో నా పేరు పక్కన తన పాస్‌పోర్ట్ నంబర్ పడింది. ఫిబ్రవరి సాయంత్రం, గేటు దగ్గర ఆపేశారు. టికెట్ కౌంటర్ దాకా వెనక్కి నడిచి, వివరాలు మార్పించుకుని లోపలికి వెళ్లేసరికి మొదటి సగం అయిపోవచ్చింది. అప్పటి నుంచి ఎవరి టికెట్ వాళ్ల వివరాలు గట్టిగా పైకి చదివించి మరీ నొక్కుతున్నాను.

డబ్బు కట్టడం సులువే. పోలిష్ బ్యాంకు ఖాతా ఉంటే బ్లిక్ అనే ఆరంకెల కోడ్‌తో కట్టొచ్చు, లేకపోతే కార్డు. విద్యార్థులు, పిల్లలకి తగ్గింపు టికెట్ ఉంటే ఉల్గోవి అని, మామూలు ధర నోర్మాల్‌ని అని రాసి ఉంటుంది. ఉల్గోవి కొంటే విద్యార్థి గుర్తింపు కార్డు కూడా వెంట ఉండాలి.

బయట ఎవరైనా చేతికి టికెట్ ఇస్తామంటే కొనకండి. లాభానికి తిరిగి అమ్మడం ఇక్కడ చట్టం ఒప్పుకోదు. పైగా అది వేరేవాళ్ల పేరు మీద ఉంటుంది. స్నేహితుడు రాలేకపోతే క్లబ్ సైటులో పేరు మార్చే వీలు ఉందేమో చూసి అక్కడే మార్చండి.

కొనే ముందు సరిచూసుకోవలసినవి:

- మ్యాచ్ తేదీ, గంట ఖరారయ్యాయా
- సెక్టార్ మ్విన్ కాదు, అతిథుల పక్కది కాదు
- పేరు, పత్రం నంబర్ ఒకే కాగితంలోవేనా
- పీడీఎఫ్ టికెట్ ఫోన్‌లో ఇంటర్నెట్ లేకుండా తెరుచుకుంటోందా

## 4. రంగులు: అల్మరా ముందు నిలబడి ఆలోచించాల్సింది ఇదే

పోలండ్‌లో క్లబ్ అభిమానుల గుంపుల మధ్య పొత్తులూ పగలూ ఉంటాయి. పొత్తుని జ్గోదా అంటారు, పగని కోసా అంటారు. కోసా అంటే కొడవలి. లెహ్, క్రాకోవియా, ఆర్కా మూడింటి అభిమానులదీ ఒకే పొత్తు. లెహియా, ష్లోన్స్క్ వ్రొత్స్వాఫ్ స్నేహితులు. కాబట్టి ఆ రోజు మైదానంలో లేని మూడో క్లబ్ రంగు కూడా ఒక్కోసారి తప్పు అర్థం ఇస్తుంది.

ఇదంతా కంఠతా పట్టక్కర్లేదు. మొదటిసారికి నలుపు, బూడిద, గోధుమ, ముదురు నీలం జాకెట్లలో ఏదో ఒకటి వేసుకోండి. ఏ క్లబ్ గుర్తూ లేని బట్టలు ఎక్కడైనా చెల్లుతాయి. మీరు వెళ్లే స్టేడియం ప్రత్యర్థి రంగులు మాత్రం ముందు చూసుకోండి. ముదురు నీలం, మెరూన్ కలిస్తే అది ష్చెచిన్ పోగోన్ జట్టు. పసుపు ఎరుపు కలిస్తే బ్యవిస్తోక్ యాగెలోన్యా.

బార్సిలోనా, మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీలు కూడా వద్దు. గొడవ అవుతుందని కాదు. స్థానిక క్లబ్‌ని ప్రాణంగా చూసుకునేవాళ్ల మధ్యకి పరాయి క్లబ్ జెర్సీతో వెళ్తే మర్యాదగా ఉండదు.

షాలిక్, అంటే స్కార్ఫ్, కొనాలని అనిపిస్తుంది. కొనండి, మంచి జ్ఞాపకం. స్టేడియం క్లబ్ షాపులో కొని, లోపలికి వెళ్లాక మెడలో వేసుకోండి. బయటికి వచ్చేముందు తీసి సంచీలో పెట్టేయండి. క్రాకూఫ్‌లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. బ్వోన్యా మైదానానికి ఒకవైపు విస్వా స్టేడియం, ఇంకోవైపు క్రాకోవియా స్టేడియం. రెండింటి మధ్య నడక దూరమే. ఒక స్కార్ఫ్‌తో రెండో వీధిలోకి వెళ్తే ఎవరైనా ఆపి లాక్కునే ప్రమాదం ఉంది. అలా జరిగితే స్కార్ఫ్ ఇచ్చేసి వచ్చేయండి, పెనుగులాడకండి.

చలికాలం బట్టల మాట:

- లోపల ఒంటికి అతుక్కునే థర్మల్, మీద స్వెటర్, పైన గాలి ఆపే జాకెట్
- రెండు జతల సాక్సులు, మందపాటి అడుగున్న బూట్లు. చలి ముందు కాంక్రీట్ మీద నుంచి పాదాలకే ఎక్కుతుంది
- ఉన్ని టోపీ, చేతి తొడుగులు
- కూర్చోవడానికి మడత పెట్టిన పాత వార్తాపత్రిక. ప్లాస్టిక్ కుర్చీ మంచులా ఉంటుంది, ఇది నిజంగా పనిచేస్తుంది

## 5. సంచీ ఎంత చిన్నదైతే అంత మంచిది

గాజు సీసాలు, డబ్బాలు, మద్యం, పొడవాటి గొడుగు, సెల్ఫీ స్టిక్, కత్తెర లాంటి పదునైనవి లోపలికి రానివ్వరు. ఇంటి నుంచి తెచ్చిన నీళ్ల సీసా, టీ ఫ్లాస్క్ కూడా గేటు దగ్గరే ఉండిపోవచ్చు. ల్యాప్‌టాప్ బ్యాగుతో ఆఫీసు నుంచి నేరుగా వెళ్లకండి. సామాను పెట్టుకునే డెపోజిత్ ప్రతిచోటా ఉండదు, ఉన్నా వరుస పొడవుగా ఉంటుంది.

టపాకాయలు, పొగ డబ్బాలు, మంట పుల్లలు ఎవరు దాచమని ఇచ్చినా తాకకండి. వాటిని లోపలికి తేవడం చట్టప్రకారం నేరం, జైలు దాకా వెళ్తుంది. చదువుకునే వీసా మీద ఉన్నవాళ్లకి క్రిమినల్ కేసు అంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

జేబులో చాలు:

- అసలు పాస్‌పోర్ట్ లేదా కార్తా పోబితు, ఫోటోకాపీ కాదు
- నిండా చార్జింగ్ ఉన్న ఫోన్, టికెట్ ప్రింట్ ఒకటి
- బ్యాంకు కార్డు, కొద్దిగా నగదు
- మందులు, ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్
- వర్షం ఉంటే పల్చటి రెయిన్‌కోట్

## 6. స్టేడియానికి చేరడం

గేట్లు ఎక్కువగా మ్యాచ్‌కి గంటన్నర, రెండు గంటల ముందు తెరుస్తారు. మొదటిసారి గంట ముందే గేటు దగ్గర ఉండేలా లెక్క వేసుకోండి. ఆఖరి ఇరవై నిమిషాల్లో జనమంతా ఒక్కసారి వచ్చి పడతారు.

కారు వద్దు. ట్రామ్, బస్సు, మెట్రోల సమయాలు యాక్‌దోయాదె అనే యాప్‌లో తెలుస్తాయి. వార్సా నేషనల్ స్టేడియానికి రెండో మెట్రో లైన్‌లో దాని పేరుతోనే స్టేషన్ ఉంది. లెగియా స్టేడియం పక్కన మెట్రో లేదు, బస్సులో వెళ్లాలి.

ట్రామ్‌లో ఒకే రంగు గుంపు ఎక్కి పాటలు పాడుతుంటే భయపడకండి, వాళ్ల ధ్యాస మ్యాచ్ మీదే. నవ్వుతూ పక్కకి జరగండి, ఫోన్ తీసి వీడియో మాత్రం తీయకండి. పోలీసుల మధ్య నడిచి వస్తున్న గుంపు కనిపిస్తే అది అతిథి అభిమానుల ఊరేగింపు. ఆ వీధి వదిలి పక్క వీధి పట్టుకోండి.

దారిలో బీరు సీసా తెరవకండి. వీధుల్లో, పార్కుల్లో తాగితే పోలీసులు 100 జ్లోటీల జరిమానా వేస్తారు. తాగి ఉన్నట్టు కనిపిస్తే గేటులోంచి లోపలికే పంపరు.

## 7. గేటు దగ్గర వరుసగా జరిగేది

1. టికెట్ మీద బ్రామా నంబర్ చూడండి. బ్రామా అంటే గేటు. తప్పు గేటుకి వెళ్తే స్టేడియం చుట్టూ తిరగాల్సి వస్తుంది.
2. టికెట్, పాస్‌పోర్ట్ రెండూ చేతిలో పట్టుకోండి. అడిగాక వెతుక్కుంటే వెనక జనం విసుక్కుంటారు.
3. టికెట్ కోడ్ యంత్రానికి చూపిస్తే ఇనుప కడ్డీల గేటు తిరుగుతుంది. ఒక్కసారికి ఒక్కరే. పిల్లల్ని ముందు పంపండి. 13 ఏళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లతోనే లోపలికి వెళ్లాలి.
4. తర్వాత తనిఖీ. ఆడవాళ్లకి ఆడ సిబ్బంది ఉంటారు, ఆ వరుసలోకే వెళ్లండి. జేబులు ఖాళీ చేసి చూపించండి, మఫ్లర్ ముఖం మీద నుంచి కిందికి దించండి.
5. లోపలికి వెళ్లాక టికెట్ మీద మూడు పదాలు వెతకండి: సెక్తోర్, జోంత్, మ్యెయ్‌స్త్సె. అంటే సెక్టార్, వరుస, సీటు.

ఒకసారి బయటికి వస్తే మళ్లీ లోపలికి రానివ్వరని అనుకునే నడుచుకోండి.

## 8. ఆ తొంభై నిమిషాలు

మ్యాచ్‌కి పది నిమిషాల ముందు సీట్లో ఉండండి, ఇది మాత్రం వదులుకోవద్దు. లెగియా మైదానంలో ఆ సమయానికి జనమంతా స్కార్ఫ్‌లు రెండు చేతులా పైకి పట్టుకుని వార్సా మీద ఉన్న ఒక పాత పాట పాడతారు. భాష రాకపోయినా నిలబడండి చాలు. ఆ క్షణం కోసమే నేను మళ్లీ మళ్లీ వెళ్తాను.

జట్టు పేర్లు చదివేటప్పుడు మైకులో ఆటగాడి సొంత పేరు చెప్తే జనం ఇంటిపేరు అరుస్తారు. రెండో మ్యాచ్‌కల్లా మీరూ కలుస్తారు.

మ్విన్‌లో ఎత్తు మీద నిలబడి మైకు పట్టుకున్న మనిషి ఆటకి వీపు పెట్టి ఉంటాడు. ఆ చోటుని గ్న్యాజ్దో, అంటే గూడు అంటారు. పాట ఏది, ఎప్పుడు అన్నది అతని చేతిలో ఉంటుంది. ఒక్కోసారి స్టాండ్ మొత్తం కప్పేసేంత గుడ్డ పరుస్తారు, ఆ ప్రదర్శనని ఓప్రావా అంటారు. దానితోపాటు రాత్సె, అంటే మంట పుల్లలు, వెలిగిస్తే పొగ మైదానం మీదికి కమ్ముకుని రిఫరీ ఆట ఆపుతాడు. కంగారు పడకండి, కూర్చోండి. కొన్ని నిమిషాల్లో పొగ పోతుంది. ఊపిరి ఇబ్బందున్నవాళ్లు లేచి మెట్ల వెనక్కి వెళ్లిరండి.

పోజ్‌నాన్‌లో జనం మైదానానికి వీపు తిప్పి, ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని గెంతడం చూస్తారు. 2010లో లెహ్‌తో ఆడినప్పుడు చూసి మాంచెస్టర్ సిటీ అభిమానులు నేర్చుకున్నది ఇదే. పక్కవాళ్లు పిలిస్తే కలవండి.

చేయాల్సినవి:

- మీ సెక్టార్‌లో అందరూ లేస్తే మీరూ లేవండి
- సొంత జట్టు గోల్ కొడితే పక్కవాళ్లు చెయ్యి చాపుతారు, కలపండి
- గీతం మొదలైతే టోపీ తీయండి

చేయకూడనివి:

- ప్రత్యర్థి గోల్‌కి చప్పట్లు. ఎంత అందమైన గోలైనా మనసులోనే మెచ్చుకోండి
- మ్విన్ వైపు ఫోన్ పెట్టి ముఖాలు కనిపించేలా దగ్గరగా తీయడం. దూరం నుంచి మొత్తం స్టాండ్ ఒక ఫోటో తీస్తే ఎవరూ ఏమీ అనరు
- అర్థం తెలియని నినాదం గొంతు కలిపి అరవడం. చాలావాటిలో తిట్లుంటాయి
- ముఖం కనిపించకుండా కప్పుకోవడం. చలికైనా సరే, స్టాండ్‌లో అది అనుమానానికి దారి
- ఏ కారణంతోనైనా మైదానంలోకి దిగడం. అది నేరం, దానికి జైలు శిక్ష ఉంది

## 9. తిండి, తాగుడు

స్టేడియం తిండి అంటే క్యెవ్‌బాసా. నిప్పుల మీద కాల్చిన సాసేజ్, పక్కన రొట్టె, ఆవపిండి ముద్ద. దాదాపు ఎప్పుడూ పంది మాంసమే. తినని మాంసం ఉన్నవాళ్లు ఈ మాటలు గుర్తుపెట్టుకోండి: వ్యెప్షోవినా పంది, వోవోవినా ఆవు, కూర్చాక్ కోడి. శాకాహారులకి బంగాళాదుంప వేపుళ్లు ఫ్రిట్కి దొరుకుతాయి. వాటిని వేయించే నూనె విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు ఇంట్లో కడుపునిండా తిని బయల్దేరడమే మేలు.

పొద్దుతిరుగుడు గింజలు ఇక్కడి స్టేడియాల అసలు చిరుతిండి. పేరు స్వొనెచ్‌నిక్. మనం సినిమా హాల్లో పల్లీలు తిన్నట్టు ఇవి కొరుకుతూ కూర్చుంటారు, పొట్టు కాళ్ల కిందే పడుతుంది.

బీరు అమ్మినా 3.5 శాతం మించి మద్యం ఉండదు. ప్రమాదం ఎక్కువని ముద్ర వేసిన మ్యాచ్‌లో అది కూడా ఉండదు.

విరామం 15 నిమిషాలే. మరుగుదొడ్డికి 40వ నిమిషంలోనే వెళ్లండి, తిండి వరుసలో రెండో సగం మొదలైన ఐదు నిమిషాలకి నిలబడండి.

## 10. మ్యాచ్ ముగిశాక

ఆఖరి ఈల ఊదగానే పరుగెత్తకండి. ఆటగాళ్లు మ్విన్ ముందుకి వచ్చి అభిమానులతో కలిసి చప్పట్లు కొడతారు, ఓడితే తిట్లు కూడా తింటారు. అది చూసి పదిహేను నిమిషాలాగి కదిలితే మెట్ల మీద తొక్కిసలాట ఉండదు.

బయటికొచ్చాక స్కార్ఫ్ సంచీలోకి. మొదటి ట్రామ్ కిక్కిరిసి ఉంటుంది, రెండు స్టాపులు నడిచి ఎక్కండి. వార్సా నేషనల్ స్టేడియం నుంచి మెట్రో వరుస చూసి చాలామంది పోన్యాతోవ్‌స్కి వంతెన మీదుగా నడిచి అవతలి ఒడ్డుకి వెళ్తారు. రాత్రి ఎనిమిదిన్నరకి మొదలైన మ్యాచ్ పదిన్నర దగ్గరికి అవుతుంది. వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లు ఆఖరి రైలు ముందే చూసి ఉంచుకోవాలి.

ఎక్కడైనా గుంపులు తోసుకుంటుంటే ఆగి చూడకండి. వెలుతురున్న షాపులోకో, పోలీసుల వైపుకో నడవండి. అత్యవసర నంబర్ 112.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, అప్పటికప్పుడు ఏం చేయాలి

టికెట్ మీద పేరు తప్పు పడింది. గేటు వరుసలో వాదించకండి, ఎంతసేపు మాట్లాడినా ఆ మనిషి చేతిలో ఏమీ ఉండదు. నేరుగా కాసి, అంటే టికెట్ కౌంటర్‌కి వెళ్లి పాస్‌పోర్ట్ చూపించండి.

పాస్‌పోర్ట్ ఇంట్లో మర్చిపోయారు. ఫోన్‌లో ఫోటో నమ్ముకోకండి. సమయం ఉంటే వెనక్కి వెళ్లి తెచ్చుకోండి. అందుకే గంట ముందే గేటు దగ్గర ఉండమన్నాను.

తెలియక మ్విన్ టికెట్ కొన్నారు. వెళ్లాక అంచున, మెట్ల దగ్గర నిలబడండి. చప్పట్లు కొట్టండి, ఫోన్ జేబులోనే ఉంచండి. మరీ ఇబ్బందైతే పసుపు, నారింజ కోటు వేసుకున్న సిబ్బందిని పక్క సెక్టార్‌కి మారొచ్చా అని అడగండి. మిమ్మల్ని మీరే కంచె దాటించుకోకండి.

ప్రత్యర్థి రంగు చొక్కాతో వచ్చేశారు. జాకెట్ జిప్ పైదాకా వేయండి. జాకెట్ లేకపోతే మరుగుదొడ్డిలో చొక్కా తిరగేసి వేసుకోండి.

ఎవరో మీ సీట్లో కూర్చున్నారు. టికెట్ చూపించి ఒకసారి అడగండి. నవ్వి పక్క సీటు చూపిస్తే అక్కడే కూర్చోండి. ఖాళీలున్న రోజు ఇది మామూలే.

మిమ్మల్ని చూసి ఎవరో చెత్తగా మాట్లాడారు. జవాబివ్వకండి. వరుస, సీటు నంబర్ గుర్తుపెట్టుకుని సిబ్బందికి చెప్పండి. స్టేడియంలో కెమెరాలున్నాయి, ప్రతి టికెట్ మీదా పేరుంది. ఆ పేరు పద్ధతి మనకి అక్కరకొచ్చేది ఇక్కడే.

## 12. నోటికి పట్టించుకోవాల్సిన మాటలు

- జెన్ దోబ్రి: నమస్కారం. గేటు మనిషికి ముందు ఇదే
- ప్షెప్రాషమ్: క్షమించండి, దారి ఇవ్వండి. వరుసలోంచి వెళ్లేటప్పుడు ప్రతి మోకాలి దగ్గరా
- గ్జె యెస్త్ సెక్తోర్: ఈ సెక్టార్ ఎక్కడ, అని అడిగి టికెట్ చూపించండి
- వెయ్‌ష్చె, వియ్‌ష్చె: లోపలికి దారి, బయటికి దారి. బోర్డు మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, మొదటి రెండు అక్షరాలు చూడండి
- బెజ్ మ్యెన్సా: మాంసం లేకుండా
- బ్యావో చెర్వోని: తెలుపు ఎరుపు. జాతీయ జట్టు మ్యాచ్‌లో మొదట వినిపించేది ఇదే
- యెస్తెమ్ తు ప్యెర్‌ఫ్షి రాస్: నేను ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి

ఈ ఆఖరి వాక్యం ఇంట్లో పదిసార్లు పలికి వెళ్లండి. నేను అది అన్నప్పుడు పక్క సీటు పెద్దాయన ఏమీ మాట్లాడకుండా తన గింజల పొట్లం నా చేతిలో వంపి, ఆట మధ్యలో ఎవరు ఎవరో వేలితో చూపిస్తూ చివరిదాకా పరిచయం చేశాడు.